ఊపిరి నిలిపే విద్యను ఊరి జనానికి నేర్పిన డాక్టర్ సఫార్

ప్రాణం మీదికి వచ్చిన క్షణంలో డాక్టరు పక్కన ఉండడు. చెరువులో మునిగిన పిల్లవాడి పక్కన తోటి పిల్లలుంటారు. మోటారు దగ్గర కరెంటు షాక్ కొట్టి పడిపోయిన రైతు పక్కన కొడుకో, కూలివాడో ఉంటాడు. రోడ్డు మీద లారీ గుద్దిన మనిషి చుట్టూ దారిన పోయేవారు మూగుతారు. గుండె, ఊపిరి ఆగిన మనిషికి ఉండే గడువు నాలుగైదు నిమిషాలు. అది దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఎంత వేగంగా బండి కట్టినా, జీపు మాట్లాడినా ఆ గడువులో ఆసుపత్రి చేరడం పల్లెల్లో సాధ్యం కాదు.

ఆ కొద్ది నిమిషాల్లో చేయవలసిన పని డాక్టర్ల సొత్తు కాదని, పెద్ద చదువు లేని వారికి కూడా దానిని నేర్పవచ్చునని రుజువు చేసిన వైద్యుడు డాక్టర్ పీటర్ సఫార్. ఆయన ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డారు. నోటితో ఊపిరి ఊదడం, ఛాతీ నొక్కడం కలిపి ఒక పద్ధతిగా కూర్చిన వారిలో ముఖ్యులు. పని దొరకని పేదపేటల యువకులకు నెలల తరబడి పాఠాలు చెప్పి, వారి చేత దేశానికే ఆదర్శంగా నిలిచిన అంబులెన్సు సర్వీసును నడిపించారు. అమెరికాలోని కమ్యూనిటీ కాలేజీల్లో నేడు చెబుతున్న అత్యవసర వైద్య శిక్షణకు మూలాలు వెతికితే ఆ పేటకు కూడా చేరుకుంటాము.

యుద్ధకాలపు విద్యార్థి

పీటర్ సఫార్ 1924 ఏప్రిల్ 12న ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జన్మించారు. తండ్రి కార్ల్ కంటి వైద్యుడు. తల్లి వింకా పిల్లల వైద్యురాలు. 1938లో హిట్లర్ సేనలు ఆస్ట్రియాను ఆక్రమించుకున్నాయి. తల్లి వైపు యూదు పూర్వీకులు ఉండడం వల్ల ఆ కుటుంబం చిక్కుల్లో పడింది.

స్కూలు చదువు ముగియగానే పీటర్‌ను ముందు కూలి శిబిరానికి పంపారు, ఆ తరువాత సైన్యంలోకి పిలిచారు. ఆయనకు అప్పటికే ఎగ్జిమా అనే చర్మవ్యాధి ఉంది. క్షయ పరీక్షకు వాడే మందును ఒంటికి పూసుకుని ఆ వ్యాధిని కావాలనే ముదరబెట్టుకున్నారు. సైన్యానికి పనికిరాడని అధికారులు తేల్చారు. అలా యుద్ధరంగం తప్పించుకుని వియన్నా విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యలో చేరారు. 1948లో డాక్టరు పట్టా పుచ్చుకున్నారు.

1949లో పై చదువులకు అమెరికా వెళ్లారు. 1950లో ఈవాను పెళ్లాడారు. మొదట శస్త్రచికిత్స వైపు మొగ్గినా, తరువాత మత్తు వైద్యాన్ని ఎంచుకున్నారు. ఆపరేషను సమయంలో మత్తు ఇచ్చే డాక్టరు రోగి ఊపిరిని తన చేతుల్లో పెట్టుకుని కూర్చుంటాడు. ఊపిరి ఎలా ఆగుతుందో, ఎలా తిరిగి తేవాలో ఆయనకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. ఆ తెలివి ఆపరేషను గది నాలుగు గోడల మధ్యే ఎందుకుండాలన్న ఆలోచన చుట్టూ సఫార్ జీవితమంతా తిరిగింది.

1952లో దక్షిణ అమెరికాలోని పెరూ దేశానికి వెళ్లి, లిమా నగరపు కాన్సర్ ఆసుపత్రిలో మత్తు వైద్య విభాగాన్ని నెలకొల్పారు. 1954లో అమెరికా తిరిగి వచ్చి బాల్టిమోర్ నగరంలో పనికి కుదిరారు.

కారు ప్రయాణంలో దొరికిన దారి

ఆ రోజుల్లో ఊపిరి ఆగిన మనిషిని బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కేవారు, లేదా చేతులు పైకెత్తి దించేవారు. స్కౌట్లకు, ఫైర్ సిబ్బందికి, సైనికులకు దశాబ్దాల పాటు ఇదే నేర్పారు. దాని వల్ల ఊపిరితిత్తుల్లోకి గాలి పోతున్నదా లేదా అని గట్టిగా పరీక్షించిన వారు తక్కువ.

1956లో కాన్సాస్ సిటీలో మత్తు వైద్యుల సభ జరిగింది. అక్కడి నుంచి తిరుగు ప్రయాణంలో డాక్టర్ జేమ్స్ ఎలమ్ అనే వైద్యుడు సఫార్‌తో కలిసి ఒకే కారులో వచ్చారు. మనం విడిచిన గాలితోనే మరొకరి ప్రాణం నిలపవచ్చునని ఎలమ్ అప్పటికే ప్రయోగాలతో తేల్చారు. మనం పీల్చే గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్లు ఉంటుంది. విడిచే గాలిలోనూ 16, 17 పాళ్లు మిగిలే ఉంటుంది. మనిషి బతకడానికి అది చాలు. మంత్రసానులు ఊపిరి అందని పసికందుల నోట్లో ఊదడం ఎన్నో దేశాల్లో పూర్వం నుంచీ ఉన్నదే. పెద్దల విషయంలో శాస్త్రం మాత్రం దానిని పక్కన పెట్టింది.

ఎలమ్ చూపిన దారిలో సఫార్ మరో అడుగు వేశారు. ఆ పని సామాన్యుడి చేత అవుతుందా అన్నది ఆయన తేల్చదలచుకున్న విషయం.

సొంత శరీరాలు అప్పగించిన మిత్రులు

బాల్టిమోర్ ఆసుపత్రిలో సఫార్ జరిపిన ప్రయోగాలు సాహసంతో కూడుకున్నవి. డాక్టర్లు, వైద్య విద్యార్థులు, నర్సులు తమంతట తాముగా ముందుకొచ్చారు. వారికి నిద్ర మందు ఇచ్చి, కండరాలను కదలనివ్వని క్యురారె అనే మందు ఎక్కించారు. దానితో వారు సొంతంగా ఊపిరి తీయలేరు. అప్పుడు వైద్యం తెలియని వారిని పిలిచి, ఊపిరి అందించమన్నారు. వచ్చిన వారిలో ఫైర్ సిబ్బంది ఉన్నారు, స్కౌటు పిల్లలున్నారు. సఫార్ వారికి ముందుగా పద్ధతిని చేసి చూపించారు, అంతే.

ఫలితాలు స్పష్టంగా వచ్చాయి. వీపు నొక్కినా, చేతులు ఎత్తినా చాలామందిలో గాలి లోపలికి పోనే లేదు. స్పృహ లేని మనిషి నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డుపడడమే అందుకు కారణం. తలను వెనక్కి వంచి, గడ్డాన్ని పైకెత్తితే ఆ అడ్డు తొలగింది. తరువాత ముక్కు మూసి నోట్లో ఊదితే ఛాతీ పైకి లేవడం కంటికి కనిపించింది. పదేళ్లు దాటిన స్కౌటు పిల్లలు కూడా బరువైన పెద్దవారికి ఊపిరి అందించగలిగారు. పనిముట్టు అక్కరలేదు, మందు అక్కరలేదు, ఖర్చు లేదు.

1958లో ఈ ఫలితాలు వైద్య పత్రికల్లో వెలువడ్డాయి. అమెరికాలో పాత పద్ధతులు పక్కకు పోయి, నోటితో ఊపిరి ఊదే పద్ధతి అమలులోకి వచ్చింది. అదే ఏడాది బాల్టిమోర్‌లో సఫార్ మరో పని చేశారు. ప్రమాద స్థితిలో ఉన్న రోగులనందరినీ ఒక్క చోట చేర్చి, రాత్రింబవళ్లు డాక్టరు కనిపెట్టి ఉండే వార్డు ప్రారంభించారు. నేడు అందరూ ఐసీయూ అంటున్న గదులకు అమెరికాలో తొలి నమూనాల్లో అదొకటి.

ఛాతీపై ఒత్తిడి, గుండెకు కదలిక

అదే నగరంలోని జాన్స్ హాప్కిన్స్ సంస్థలో మరో పరిశోధన సాగుతున్నది. కూవెన్‌హోవెన్ అనే ఎలక్ట్రికల్ ఇంజనీరు, నికర్‌బోకర్, డాక్టర్ జూడ్ కలిసి గుండె మీద పని చేస్తున్నారు. ఛాతీ కోయకుండానే, రొమ్ము ఎముక మీద అరచేతులతో లయగా నొక్కితే ఆగిన గుండె నుంచి రక్తం ప్రవహిస్తుందని వారు 1960లో ప్రకటించారు.

ఊపిరి లేకుండా రక్తం తిరిగినా, రక్తం తిరగకుండా ఊపిరి అందినా ప్రయోజనం తక్కువని సఫార్ గ్రహించారు. రెండింటినీ జతచేశారు. మొదట గాలి దారి తెరవాలి, తరువాత ఊపిరి ఊదాలి, ఆపైన ఛాతీ నొక్కి రక్తం తిప్పాలి. ఇంగ్లీషు అక్షరాల్లో ఏ, బి, సి అని వరుస పెట్టారు. బడి పిల్లలకు కూడా గుర్తుండాలన్నదే ఉద్దేశం. ఈ పద్ధతినే నేడు సీపీఆర్ అంటున్నారు. దీనికి తనను పితామహుడని పిలవడం సఫార్‌కు నచ్చేది కాదు. ఎలమ్, కూవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బోకర్‌ల పేర్లను ఆయన పదేపదే తలచుకునేవారు.

నేర్చుకోవాలంటే సాధన కావాలి. బతికున్న మనిషి ఛాతీ మీద సాధన చేయరాదు. నార్వే దేశంలో ఆట బొమ్మలు తయారుచేసే ఆస్ముండ్ లేర్డాల్ ఆ కొరత తీర్చారు. ఆయన తన చిన్న కొడుకును నీటిలో మునిగిపోకుండా కాపాడుకున్న తండ్రి. సఫార్, నార్వే మత్తు వైద్యుడు బ్యోర్న్ లిండ్‌ల సలహాతో 1960లో మనిషి నిలువెత్తు బొమ్మ తయారుచేశారు. తల వంచితేనే గాలి లోపలికి పోయేటట్లు, ఊదితే ఛాతీ లేచేటట్లు దానిని అమర్చారు. పారిస్ నగరపు సేన్ నదిలో మునిగి చనిపోయినదని చెప్పుకునే పేరు తెలియని యువతి ముఖపు అచ్చును ఆ బొమ్మకు పెట్టారు. నార్వే బడుల్లో పిల్లలకు 1960ల మొదట్లోనే ఆ బొమ్మల మీద నేర్పించారు. ప్రపంచమంతటా సీపీఆర్ శిక్షణలో అలాంటి బొమ్మలనే వాడుతున్నారు.

ఇంట్లో విషాదం

1961లో సఫార్ పిట్స్‌బర్గ్ నగరానికి మారి, అక్కడి విశ్వవిద్యాలయంలో మత్తు వైద్య విభాగాన్ని నిర్మించారు. 1966లో ఆయన ఇంట పెద్ద దుఃఖం కలిగింది. పదకొండేళ్ల కూతురు ఎలిజబెత్‌కు ఉబ్బసం ముదిరి ఊపిరి, గుండె ఆగాయి. వాటిని తిరిగి నడిపించగలిగారు. అప్పటికే ఆలస్యం కావడంతో మెదడు కోలుకోలేదు. ఊపిరి నిలిపే విద్యను లోకానికి చెప్పిన తండ్రి సొంత బిడ్డను దక్కించుకోలేకపోయారు.

ఆ దుఃఖం ఆయనను కుంగదీయలేదు, పనిలోకి తోసింది. గుండెను బతికిస్తే చాలదు, మెదడును కూడా బతికించాలన్నది అప్పటి నుంచి ఆయన పరిశోధన. ఆసుపత్రికి చేరే లోపల, సంఘటన జరిగిన చోటనే సాయం మొదలు కావాలన్నది ఆయన పట్టుదల.

అదే ఏడాది నవంబరులో పిట్స్‌బర్గ్ మాజీ మేయర్, పెన్సిల్వేనియా రాష్ట్ర మాజీ గవర్నర్ డేవిడ్ లారెన్స్ ఒక ఎన్నికల సభలో గుండె ఆగి పడిపోయారు. ఆయనను పోలీసు వ్యానులో ఆసుపత్రికి చేర్చారు. దారిలో సరైన సాయం అందలేదు. మెదడు దెబ్బతిని కొద్ది రోజులకే చనిపోయారు. అంత పెద్ద నాయకుడికే ఆ గతి పడితే సామాన్యుడి సంగతి చెప్పనక్కరలేదు.

అంబులెన్సు అంటే శవాల బండి

ఈనాటి వారికి నమ్మబుద్ధి కాకపోవచ్చు గాని, 1960లలో సంపన్న దేశమైన అమెరికాలోనూ అంబులెన్సు వ్యవస్థ అధ్వాన్నంగా ఉండేది. చాలా ఊళ్లలో శవాలను మోసే బండ్లే రోగులనూ మోసేవి, ఎందుకంటే మనిషిని పడుకోబెట్టి తీసుకుపోయే పొడవాటి బండి అంత్యక్రియల దుకాణాల వారి దగ్గరే ఉండేది. పిట్స్‌బర్గ్‌లో ఆ పని పోలీసు వ్యానులు చేసేవి. రోగిని వెనుక పడేసి, పోలీసులిద్దరూ ముందు కూర్చుని పరుగు తీసేవారు. దారిలో రోగిని చూసే దిక్కు లేదు.

1966లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ ఒక నివేదిక వెలువరించింది. 1965లో ప్రమాదాల్లో 1,07,000 మంది చనిపోయారని, అత్యవసర సాయం, రవాణా సరిగా లేవని అది ఎత్తిచూపింది. ప్రభుత్వం కదిలింది. అయితే శిక్షణ ఎవరికివ్వాలి, ఎంతకాలం ఇవ్వాలి, ఏమేమి నేర్పాలి అన్న ప్రశ్నలకు చేసి చూపిన సమాధానం ఇంకా లేదు.

పేదపేటలో బడి

పిట్స్‌బర్గ్‌లో హిల్ డిస్ట్రిక్ట్ అనే పేట ఉంది. అక్కడ అత్యధికులు నల్లజాతి వారు. పని దొరకదు, ఆసుపత్రికి పోవడానికి బండి దొరకదు. పోలీసు వ్యాను పిలిచినా వస్తుందన్న నమ్మకం లేదు. ఆ పేటలో ఉపాధి కోసం ఫ్రీడమ్ హౌస్ అనే సంస్థ పని చేస్తున్నది. ఫిలిప్ హాలెన్ అనే ఆయన ఒక వైద్య దాతృత్వ నిధికి అధ్యక్షుడు. పేటలోని యువకులకు అంబులెన్సు నడిపే పని కల్పిస్తే ఉపాధి, వైద్యం రెండూ కలిసివస్తాయని ఆయన తలచారు. ఆ ఆలోచన పట్టుకుని 1967లో సఫార్ వద్దకు వెళ్లారు.

సఫార్ ఒప్పుకున్నారు గాని, కేవలం డ్రైవర్లను తయారుచేయడానికి ఇష్టపడలేదు. ఆసుపత్రిలో దొరికే సాయాన్ని రోడ్డు మీదికి తీసుకుపోగల వారిని తయారుచేయాలన్నారు. తొలి జట్టులో సుమారు 25 మంది చేరారు. వారిలో చాలామంది హైస్కూలు పూర్తి చేయలేదు. కొందరు వియత్నాం యుద్ధం నుంచి తిరిగి వచ్చి పని లేక తిరుగుతున్నవారు.

వారికిచ్చిన శిక్షణ దాదాపు 300 గంటలు. అప్పట్లో అంబులెన్సు మీద పోయేవారికి ప్రథమ చికిత్స సర్టిఫికెట్ ఉంటే అదే ఎక్కువ. ఇక్కడ శరీర నిర్మాణం నేర్పారు, సీపీఆర్ నేర్పారు, రక్తస్రావం ఆపడం, విరిగిన ఎముక కదలకుండా కట్టడం, కాన్పు చేయడం, బండిని జాగ్రత్తగా నడపడం నేర్పారు. ఆపరేషను గదుల్లో, అత్యవసర వార్డులో, కాన్పుల వార్డులో నిలబెట్టి పని చూపించారు. హైస్కూలు పూర్తి చేయని వారి చేత ఆ పరీక్ష కూడా రాయించారు. బండిని కూడా సఫార్ కొత్తగా అమర్పించారు. రోగి తల దగ్గర ఒక మనిషి కూర్చుని ఊపిరి అందించడానికి చోటు ఉంచారు.

ఐదు వేలకు పైగా పిలుపులు

ఫ్రీడమ్ హౌస్ అంబులెన్సులు 1968లో రోడ్డెక్కాయి. తొలి ఏడాదే దాదాపు 5,800 పిలుపులు అందుకున్నాయి. సుమారు 200 మంది ప్రాణాలు నిలిచాయని సఫార్ లెక్క కట్టారు. పేటలోని పెద్దవాళ్లకు ఇదంతా వింతగా తోచింది. నిన్నటిదాకా వీధి మొగలో కూర్చున్న కుర్రవాడు తెల్ల చొక్కా తొడుక్కుని వచ్చి, బామ్మకు ఊపిరి అందిస్తున్నాడు. పోలీసు వ్యాను ఎక్కడానికి జంకే జనం తమవాళ్ల బండిలో ధైర్యంగా ఎక్కారు.

ఆరంభంలో ఆసుపత్రుల్లో చులకన ఎదురైంది. కొందరు తెల్లజాతి రోగులు వారి చేయి తగలనివ్వలేదు. పని చూసిన తరువాత ఆ చులకన చాలావరకు తగ్గింది. 1972లో సఫార్ జరిపించిన పరిశీలనలో ఫ్రీడమ్ హౌస్ సిబ్బంది ప్రమాదస్థితి రోగులకు నూటికి 89 సార్లు సరైన చికిత్స చేసినట్లు తేలింది. పోలీసుల విషయంలో అది నూటికి 38 మాత్రమే. బుద్ధి అందరికీ ఒకటే, తేడా అంతా నేర్పడంలోనే ఉన్నదని ఆ అంకెలు చెప్పాయి.

నాన్సీ కెరొలైన్ అనే యువ డాక్టరు సఫార్ దగ్గర శిక్షణకు వచ్చారు. ఫ్రీడమ్ హౌస్ బాధ్యతను సఫార్ ఆమెకు అప్పగించారు. ఆమె అంబులెన్సుల్లో సిబ్బందితో పాటు తిరిగారు. చేసిన ప్రతి కేసునూ కూర్చోబెట్టి చర్చించారు. రోడ్డు మీదనే గొంతులో గొట్టం వేసి ఊపిరి అందించడం, సెలైన్ ఎక్కించడం, గుండె తీరు యంత్రంపై చూసి మందు ఇవ్వడం నేర్పారు. అమెరికా ప్రభుత్వ రవాణా శాఖ దేశమంతటికీ పనికొచ్చే పారామెడిక్ పాఠ్యక్రమం కావాలనుకున్నప్పుడు ఆ పనిని ఆమెకే అప్పగించింది. పాఠాలను ఫ్రీడమ్ హౌస్ సిబ్బంది మీదే పరీక్షించారు. ఆ అనుభవంతో ఆమె రాసిన పాఠ్యగ్రంథం తరతరాల పారామెడిక్కుల చేతుల్లోకి వెళ్లింది.

కట్టిన వారికే చోటు లేదు

ఇంత పేరు వచ్చిన సర్వీసు 1975 అక్టోబరులో మూతపడింది. నగరపాలక సంస్థ సొంతంగా అంబులెన్సు శాఖను ఏర్పాటు చేసి, ఫ్రీడమ్ హౌస్‌కు ఇచ్చే సాయాన్ని నిలిపేసింది. అంతకు ముందే సొమ్ము ఆలస్యంగా ఇవ్వడం, సర్వీసు తిరిగే ప్రాంతాన్ని పరిమితం చేయడం జరిగాయి. సిబ్బందిని కొత్త శాఖలోకి తీసుకున్నా, చాలామంది ఎక్కువ కాలం నిలవలేకపోయారు. అనుభవజ్ఞులను కొత్తవారి కింద పెట్టారు. కొందరు పరీక్షల్లో తప్పారు, కొందరు విసిగి వెళ్లిపోయారు. పద్ధతి మాత్రం నగరానికి మిగిలింది, దానిని కట్టిన వారిలో కొద్దిమందే మిగిలారు.

నిలబడిన వారిలో జాన్ మూన్ ఒకరు. ఆసుపత్రిలో సహాయకుడిగా పనిచేస్తుండగా ఫ్రీడమ్ హౌస్ సిబ్బంది పని చూసి ఆ వృత్తిలోకి వచ్చిన ఆయన, పిట్స్‌బర్గ్ అత్యవసర వైద్య శాఖలో అసిస్టెంట్ చీఫ్ స్థాయికి ఎదిగారు. మిచెల్ బ్రౌన్ అనే మరొకరు ఒహాయో రాష్ట్రపు కొలంబస్ నగరంలో ప్రజాభద్రతా శాఖకు అధిపతి అయ్యారు. పనికిరాని వారని లోకం తీర్మానించిన పేట నుంచి వచ్చిన మనుషులు వీరు.

కమ్యూనిటీ కాలేజీల్లోకి

ఒక పేటలో ఒక డాక్టరు పూనుకుని నడిపిన బడి ఆ డాక్టరుతోనే ముగిసిపోవచ్చు. 1973లో అమెరికా ప్రభుత్వం అత్యవసర వైద్య వ్యవస్థల చట్టం తెచ్చి నిధులు కేటాయించడంతో శిక్షణకు స్థిరమైన చోట్లు అవసరమయ్యాయి. వాటిలో ముఖ్యమైనవి కమ్యూనిటీ కాలేజీలు. మన ఇంటర్ లాంటి చదువు తరువాత రెండేళ్ల కోర్సులు చెప్పే ప్రభుత్వ కాలేజీలవి. ఫీజు తక్కువ. ఆ చుట్టుపక్కల వారే చేరతారు. పగలు పని చేసుకునే వారికి సాయంత్రం తరగతులు కూడా ఉంటాయి.

ఈ చదువులో మెట్లున్నాయి. మొదటి మెట్టు ఎమర్జెన్సీ టెక్నీషియన్, దానికి దాదాపు 150 గంటలు లేదా ఆపైన శిక్షణ ఉంటుంది. ఊపిరి, రక్తస్రావం, ఎముకలు, కాన్పు, రోగిని కదిలించే తీరు అందులో వస్తాయి. పై మెట్టు పారామెడిక్, అది వెయ్యి గంటలు దాటుతుంది. సూది మందులు, గుండె యంత్రం, గొంతులో గొట్టం అందులోకి వస్తాయి. తరగతి ఒక్కటే చాలదు. ఆసుపత్రిలో కొంతకాలం, అనుభవజ్ఞుల వెంట అంబులెన్సు మీద కొంతకాలం తిరిగి, పరీక్ష గట్టెక్కాలి. హిల్ డిస్ట్రిక్ట్ కుర్రవాళ్ల చేత సఫార్ చేయించినది కూడా ఈ మూడూ కలిసిన చదువే.

పల్లెటూరి కాలేజీలో నేర్చుకున్న వాడు చాలావరకు ఆ పల్లెలోనే పని చేస్తాడు. ఏ డొంక దారి ఎటు పోతుందో, ఏ ఇంట్లో ముసలివాళ్లున్నారో అతనికి తెలుసు. పట్నంలో నేర్చుకున్న వారు పల్లెకు రారన్న బెంగ అక్కడ తగ్గింది. స్థానికులకు స్థానికంగా నేర్పడంలోని లాభం అదే.

చివరిదాకా అదే మాట

సఫార్ 1979లో పిట్స్‌బర్గ్‌లో ప్రాణోద్ధరణ పరిశోధనా కేంద్రం స్థాపించారు. ఆగిన గుండె తిరిగి కొట్టుకున్న తరువాత శరీరాన్ని కొద్దిగా చల్లబరిస్తే మెదడుకు మేలు జరుగుతుందా అన్న విషయంపై అక్కడ ఏళ్ల తరబడి కృషి జరిగింది. ఆ కేంద్రం నేడు ఆయన పేరుతోనే నడుస్తున్నది.

భూకంపాల వంటి విపత్తుల మీద కూడా ఆయన బృందం పని చేసింది. 1988లో ఆర్మేనియా దేశంలో భూకంపం వేలాది మందిని బలిగొన్నది. శిథిలాల్లో చిక్కిన వారిని మొదట బయటికి తీసింది ఎక్కువగా ఇరుగు పొరుగు వారేనని ఆ బృందం పరిశీలనలో తేలింది. వారికి ప్రాథమిక సాయం తెలిసి ఉంటే మరికొందరు బతికేవారు. ముప్పై ఏళ్ల క్రితం స్కౌటు పిల్లలతో మొదలుపెట్టిన వాదనకు ఇది మరో రుజువు. యుద్ధం చూసిన మనిషి కావడం వల్ల అణ్వస్త్రాలకు వ్యతిరేకంగా, ప్రపంచ శాంతి కోసం కూడా సఫార్ పాటుపడ్డారు. నోబెల్ బహుమతికి మూడుసార్లు ఆయన పేరు ప్రతిపాదించారు గాని బహుమతి రాలేదు. 2003 ఆగస్టులో కాన్సర్‌తో కన్నుమూశారు.

మన ఊళ్లకు చేరినది

ఆయన పోయిన రెండేళ్లకు, 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సర్వీసు మొదలైంది. తరువాత ఆంధ్ర దేశమంతటా పల్లెలకు కూడా విస్తరించింది. ఆ బండిలో డ్రైవరుతో పాటు శిక్షణ పొందిన టెక్నీషియన్ ఉంటాడు. రోగి పక్కన కూర్చుని దారి పొడవునా చూసుకుంటాడు. రోగిని ఒంటరిగా వెనుక పడేసి పరుగు తీయరాదని సఫార్ పట్టుబట్టిన పద్ధతే ఇక్కడ కూడా అమలవుతున్నది.

బండి వచ్చేలోపల మాత్రం భారం ఊరివారిదే. మనిషి పిలిస్తే పలకక, ఊపిరి సరిగా తీయకపోతే వెంటనే ఒకరు 108కి ఫోను చేయాలి. మరొకరు రోగిని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ నడుమ అరచేతి మీద అరచేయి పెట్టి నొక్కాలి. పెద్దవారికి రెండు అంగుళాల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. అలసిపోతే చేయి మార్చుకోవాలి. నీట మునిగిన వారికి, పిల్లలకు ఊపిరి ఊదడం కూడా ముఖ్యం. పొట్ట నొక్కి నీళ్లు కక్కించడానికి, గిరగిరా తిప్పడానికి కాలం వృథా చేయరాదు. స్పృహ లేని వారి నోట్లో సోడా, నీళ్లు పోయరాదు. షాక్ కొట్టిన మనిషిని తాకే ముందు కరెంటు తీయాలి.

ఇవి చదివితే తెలుస్తాయి గాని, చేతికి రావాలంటే బొమ్మ మీద నొక్కి నేర్చుకోవాలి. మండలంలో ఒక హైస్కూలులోనో, జూనియర్ కాలేజీలోనో ఏడాదికి రెండుసార్లు బొమ్మ తెప్పించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు చేత, 108 సిబ్బంది చేత పిల్లలకు, యువజన సంఘాలకు, మోటారు మెకానిక్కులకు, ఆటో డ్రైవర్లకు నేర్పించడం పంచాయతీలకు మోయలేని భారం కాదు. హైస్కూలు దాటని కుర్రవాళ్లు నేర్చుకుని ఒక నగరాన్నే మార్చారు. మన పిల్లలకు రాకపోవడానికి కారణమేమీ కనిపించదు.